డబ్బా మారితేనే బరువు తగ్గేది

సాయంత్రమైతే బళ్లారి వీధుల్లో మిరపకాయ బజ్జీల వాసన గుప్పుమంటుంది. పక్కన ఉగ్గాని ఉంటే ఇక చెప్పేదేముంది? పొద్దున్నే వాకింగ్ చేసినవారు కూడా బండి దగ్గర ఆగిపోతారు. తప్పు నాలుకది కాదు, ఇంట్లో ఖాళీగా ఉన్న డబ్బాది. ఆకలి వేళకు చేతికందేది లేకుంటే కాళ్లు బజారుకే పోతాయి.

ఖరీదైన డైట్ బిస్కెట్లు అక్కర్లేదు. తెలుగువారు బొరుగులంటారు, కన్నడిగులు మండక్కి అంటారు, సరుకు ఒకటే. ఉల్లిపాయ, టమాటా, పుట్నాలు కలిపి నిమ్మకాయ పిండితే ఐదు నిమిషాల్లో తయారు. ఒట్టి బొరుగులైతే కాసేపటికే మళ్లీ ఆకలి. పుట్నాలు, శనగ గుగ్గిళ్లలోని మాంసకృత్తులు, పీచు కడుపు నిలుపుతాయి. వేరుశనగలు మంచివే, కానీ 100 గ్రాముల్లో 550 కేలరీలకు పైనే. గుప్పెడు చాలు. నూనె గ్రాముకు 9 కేలరీలు కాబట్టి పోపు చెంచా దాటకూడదు. జామకాయ, దోసకాయ, పల్చటి మజ్జిగ ఇంట్లో ఎప్పుడూ ఉండాలి.

అసలు చిక్కు వేరే ఉంది. బరువు తగ్గాలనుకున్న ఇల్లాలికి గుగ్గిళ్లు, మిగతావారికి ఆమె చేతే బజ్జీలా? ఇదేం న్యాయం? ఒకరికి పథ్యం, అందరికీ పండగ అంటే ఏ నియమమూ నెల నిలవదు. షుగర్ మందులు వాడేవారు డాక్టర్‌ని అడిగే తిండి మార్చుకోవాలి. మిగతా ఇల్లంతా ఒకే డబ్బాలో చెయ్యి పెట్టాలి.