పులుల లెక్కలో గూడెం పేరు ఏది? అటవీ శాఖకు బహిరంగ లేఖ

తెలంగాణ రాష్ట్ర అటవీ శాఖ ప్రధాన ముఖ్య సంరక్షణాధికారి వారికి,

అఖిల భారత పులుల గణన 2026కు స్వచ్ఛంద సేవకులు కావాలని, 18 నుంచి 60 ఏళ్ల లోపువారై అడవిలో రోజుకు 10 నుంచి 15 కిలోమీటర్లు నడవగలిగినవారు ఆన్‌లైన్‌లో దరఖాస్తు చేసుకోవాలని, పారితోషికమేమీ ఉండదని శాఖ ప్రకటించింది. నగర విద్యార్థులు అడవి ముఖం చూడాలన్న ఆలోచనను తప్పుపట్టవలసిన పనిలేదు. అయితే కవ్వాల్ పులుల అభయారణ్యం అంచున, ఫోన్ సిగ్నల్ కోసం గుట్టెక్కవలసిన గూడేలకు ఈ ప్రకటన ఏ దారిన చేరింది? గోండి, కొలామి మాట్లాడే యువకులకు దాన్ని ఎవరు చదివి వినిపించారు? తరతరాలుగా ఆ అడవిలోనే నడుస్తున్నవారు నడవగలరో లేదో ఆన్‌లైన్ దరఖాస్తులో రాసి నిరూపించుకోవాలా?

జాతీయ పులుల సంరక్షణ ప్రాధికార సంస్థ ఆధ్వర్యంలో 2006 నుంచి నాలుగేళ్లకోసారి జరిగే ఈ గణనకు బీటు, అంటే అటవీ పాలనలో అన్నిటికన్నా చిన్న విభాగం, ఆధారం. ముందు మూడు రోజులు పులి, చిరుత తిరిగే బాటల వెంట నడిచి పాదముద్రలను, మలాన్ని, చెట్ల మీది గోళ్ల గీతలను నమోదు చేస్తారు. ఆ తరువాత ట్రాన్సెక్టు అనే రెండు కిలోమీటర్ల తిన్నని గీత వెంట పొద్దున్నే నడుస్తూ, కనిపించిన చుక్కల దుప్పులు, సాంబార్లు, మనుబోతులు ఎన్ని, ఎంత దూరంలో, ఏ కోణంలో ఉన్నాయో రాసుకుంటారు. ఆ గీత మీద ప్రతి 400 మీటర్లకు ఆగి చెట్లను, పెంటికలను కూడా లెక్కిస్తారు. దిక్సూచి పట్టుకోవడం ఎవరికైనా ఒక పూటలో వస్తుంది. ఎండిన పెంటికలను చూసి ఇవి దుప్పివి, ఇవి సాంబారువి అని వేరు చేయడం, ఒకేచోట కుప్పగా పడి ఉంటే అది మనుబోతు మళ్లీ మళ్లీ వచ్చే తావని పోల్చుకోవడం మాత్రం ఒక పూట శిక్షణతో రాదు. వాలంటీరు పక్కన నడిచే ట్రాకరే, అంటే జంతువుల జాడ పట్టే స్థానికుడే, ఆ సంగతి చెబుతాడు. వాలంటీరు దాన్ని గణన యాప్‌లోకి ఎక్కిస్తాడు. నివేదికలో ఎవరి పేరు మిగులుతుందో శాఖకు తెలియనిది కాదు.

విదేశాల్లో సంరక్షణ పనులకు సొంత డబ్బు కట్టి వెళ్లే విద్యార్థుల అనుభవం ఇక్కడ పనికొస్తుంది. కోస్టారికాలోని టోర్టుగేరో తీరంలో, 1950లలో ఆర్చీ కార్ అనే జీవశాస్త్రవేత్త మొదలుపెట్టిన సముద్రపు తాబేళ్ల అధ్యయనం నేటికీ వాలంటీర్ల శ్రమతో సాగుతోంది. అక్కడ విద్యార్థి తెల్లని లైటు వేయకూడదు, తాబేలు గుంట తవ్వుకునేదాకా దగ్గరికి పోకూడదు. గుడ్లు పెట్టడం మొదలయ్యాక బోర్లా పడుకుని, తాబేలు వెనక గుంటలోకి చేయి చాపి, జారిపడే ప్రతి గుడ్డుకూ లెక్క మీట నొక్కుతాడు. ఒక్కో గూటిలో వంద దాకా గుడ్లుంటాయి. అయితే ఆ తీరాన్ని నిలబెట్టింది వాలంటీర్లు మాత్రమే కాదు. 1975లో అది జాతీయ ఉద్యానంగా చట్టబద్ధమయ్యాక, ఒకప్పుడు తాబేళ్లను వేటాడి బతికిన ఊరివారు గైడ్లయ్యారు. రాత్రిపూట స్థానిక గైడు లేనిదే పర్యాటకుడు ఇసుక మీద కాలు పెట్టడానికి వీల్లేదు. ఊరికి బతుకుతెరువు దొరికింది కాబట్టి తాబేలు బతికింది.

ఇందుకు పూర్తిగా విరుద్ధమైన ఉదాహరణ దక్షిణాఫ్రికాలో ఉంది. సింహం పిల్లలకు సీసాపాలు పట్టడమే సంరక్షణ అని నమ్మించి విద్యార్థుల నుంచి డబ్బు తీసుకున్న ఫారాల్లో పెరిగిన సింహాలు అడవికి పనికిరాలేదు సరికదా, వాటిలో కొన్ని, కంచెల మధ్య వేటగాళ్ల తుపాకులకు బలయ్యాయి. ఆ దేశ ప్రభుత్వం 2021లో నిపుణుల సంఘం సిఫార్సు మేరకు ఈ పెంపకాన్ని ఆపుతామని ప్రకటించవలసి వచ్చింది. స్థానికుల పాత్ర ఏమిటో, డబ్బు ఎటు పోతుందో అడగకుండా ఉత్సాహంతో మాత్రమే వచ్చే వాలంటీరు ఎక్కడైనా ముచ్చటకే మిగులుతాడు.

మరి కవ్వాల్ ఏ కోవకు చెందుతుంది? 2012లో పులుల అభయారణ్యమైన ఈ అడవిలో 892 చదరపు కిలోమీటర్లకు పైగా కోర్ ప్రాంతం, అంటే జన సంచారం ఉండకూడదని నిర్ణయించిన నడిమి భాగం, ఉంది. బేస్ క్యాంపుల్లో రాత్రింబవళ్లు కాపలా కాసేవారిలో, కెమెరాలు కట్టేవారిలో గోండులు, కొలాములు ఎందరో ఉన్నారు. వారి వేతనం నెల నెలా అందుతోందా? వానకాలంలో బూట్లు, పాముకాటుకు మందు, ప్రమాదానికి బీమా ఉన్నాయా? 2024 చివరలో జానీ అని పేరుపడిన మగపులి మహారాష్ట్రలోని కిన్వట్ వైపు నుంచి వచ్చి ఆదిలాబాద్, నిర్మల్ జిల్లాల్లో తోడు వెతుక్కుంటూ తిరిగినప్పుడు, పత్తి ఏరే రోజుల్లో భయంతో చేలకు పోయినవారిని ఏ గణనలో చేర్చారు?

పాత సంగతులు శాఖకు కొత్తగా చెప్పనక్కరలేదు. కడెం మండలంలోని రాంపూర్, మైసంపేట గ్రామాల 142 కుటుంబాలు పులి కోసం ఊళ్లు వదిలాయి. 2025 మే నెలలో పులులు రాకపోకలు సాగించే అడవిని కుమ్రం భీం కన్జర్వేషన్ రిజర్వుగా ప్రకటిస్తూ వచ్చిన 49వ నంబరు జీవో, ఆదివాసులు రోడ్డెక్కిన తరువాతే, జూలైలో పక్కకు పోయింది. ముందే గ్రామసభల్లో కూర్చుని మాట్లాడి ఉంటే ఆ జీవోను పక్కన పెట్టవలసి వచ్చేదా? అడిగి అడిగి నోరు నొచ్చింది. ఊరు ఖాళీ చేయించవలసి వచ్చినప్పుడు అధికారులకు గూడెం దారి తెలుస్తుంది, గౌరవం పంచేటప్పుడు మాత్రం ఆ దారి గుర్తుకు రాదు.

నగరం నుంచి వచ్చే విద్యార్థిని ఆపమని ఎవరూ కోరడం లేదు. ఆ విద్యార్థి పక్కన నడిచే ట్రాకరుకు కూలి కన్నా మించినది ఏదో ఒకటి, శిక్షకుడి హోదా అయినా, నివేదికలో పేరైనా, దక్కాలి. ఉట్నూరు, కడెం, జన్నారం కళాశాలల ఆదివాసీ విద్యార్థులకు ఈ పనిలో చోటు ఉండాలి. అది ఏ పద్ధతిలో అన్నది శాఖే ఆలోచించాలి. ఆలోచించే తీరిక ఉన్నదా అన్నదే నిర్మల్ జిల్లా అనుమానం. వచ్చే గణనకు ఇంకా నాలుగేళ్లుందని ఈ లేఖను ఫైలులో పెట్టకుంటే చాలు.

ఇట్లు,
నిర్మల్ జిల్లా వాసి