విత్తనపు పత్తి: నీరు, ఎడం

పత్తి విత్తనం తల్లి చేలోనే మంచిదో చెడ్డదో అవుతుంది.  26.85 టీఎంసీల సామర్థ్యమున్న గండికోట జలాశయపు నీటి ఆశ జమ్మలమడుగు, ప్రొద్దుటూరు నల్లరేగళ్లకూ పులివెందుల మెట్టకూ చేరువైన ఈ కాలంలో, ఎంత నీరన్నదానికంటే ఎప్పుడు పెట్టాలన్నదే మాకు పెద్ద ప్రశ్నగా తోచింది. ఈ సంచికలోని వ్యాసాలన్నీ దాని చుట్టూ తిరిగేవే.

పూత, కాయ ఊరే దశల్లో తడి తప్పితే గూడ రాలుతుంది. నిలిచిన కాయలోనూ గింజ తాలుపోతుంది. రేగడిలో నీరు నిలిచినా పూత రాలడం తప్పదు. కాయలు విచ్చే వేళ ఇంకా తడులిస్తే మొక్క మళ్లీ చిగురిస్తుంది, పగిలిన కాయలో గింజ రంగు మారి మొలకశాతం పడిపోతుంది. హైబ్రిడ్ విత్తనానికి ధ్రువీకరణ కోరే కనీస మొలక 75 శాతం.

నీటితో పాటు మొక్కల మధ్య ఎడం సంగతి కూడా కాస్త వివరంగా చూడాలి. మొక్కలు ఒత్తుగా ఉంటే ఎకరాకు కాయలు పెరగొచ్చు గానీ, గాలి ఆడక అడుగు కాయలు కుళ్లుతాయి, గింజ బరువు తగ్గుతుంది. పైగా హైబ్రిడ్ విత్తనమంతా చేతిపనే: సాయంత్రం ఆడ మొక్క మొగ్గలోని కేసరాలను గోటితో గిల్లి తీస్తారు, మర్నాడు పొద్దున మగ పువ్వు పుప్పొడి అద్దుతారు. 1970లో గుజరాత్‌లో హెచ్-4 వచ్చిన నాటి నుంచీ పద్ధతి ఇదే. సాళ్ల మధ్య కూలీ మనిషి కొమ్మ విరగకుండా నడవగలగాలి. ఎడం నిర్ణయించేటప్పుడు ఆమెను లెక్కలోకి తీసుకోని సిఫారసు అసంపూర్ణమని మా అభిప్రాయం.