బటన్లు లెక్కపెట్టి జాయ్‌స్టిక్ కొనకండి

ఇంట్లో కంప్యూటర్ మీద విమానం నడపాలని సరదాపడే కొత్తవాళ్లకు అందరూ ఇచ్చే సలహా దాదాపు ఒక్కటే. కొంటే యుద్ధవిమానం స్టిక్‌కి నకలే కొను, లోహంతో చేసింది కొను, బటన్లు ఎన్నుంటే అంత మంచిది, ఖర్చుకు వెనకాడకు. ఈ సలహా తప్పు. దీనివల్ల డబ్బు పోవడం ఒక ఎత్తు, వచ్చిన ఉత్సాహం నీరుగారిపోవడం ఇంకో ఎత్తు.

ముందు ఆ నకలు సంగతి చూద్దాం. ఎఫ్-16లో స్టిక్ మొదట్లో అసలు కదిలేదే కాదు. చెయ్యి ఎంత బలంగా నొక్కుతోందో కొలిచి, ఆ మేరకు విమానం తిరిగేది. పైలట్లకు అది కుదరక తర్వాత కాస్త కదలిక ఇచ్చారు. ఏ-10లో స్టిక్ పైలట్ మోకాళ్ల మధ్య ఉంటుంది. థ్రస్ట్‌మాస్టర్ కంపెనీ వార్థాగ్ అనే జాయ్‌స్టిక్ ఆ ఏ-10సీ పిడిని ఎంతో శ్రద్ధగా దించింది, నిజమే. కానీ మనింట్లో అది బల్ల మీద పొట్టి కాడతో కూర్చుంటుంది. ఆకారం వచ్చింది గానీ, చేతికి తెలియాల్సిన కదలిక రాలేదు. పైగా పిడిని మెలితిప్పి రడ్డర్ (ముక్కును కుడిఎడమలకు తిప్పే తోక పలక) తిప్పే వీలు అందులో లేదు, పెడల్స్ విడిగా కొనుక్కోవాలి. పక్కగాలిలో శంషాబాద్‌లో దిగాలని ముచ్చటపడే కుర్రాడు అంత ఖర్చు పెట్టి కూడా రడ్డర్ కోసం కీబోర్డు తడుముకోవాలా?

స్టిక్ మంచిచెడ్డలు తేలేది నడిమధ్యలో. సెస్నా 172 సుమారు 65 నాట్ల వేగంతో రన్‌వే వైపు దిగుతోందనుకోండి. ముక్కు పైకి ఉంచాలని స్టిక్‌ని వెనక్కి పట్టుకుంటాం. ట్రిమ్‌ని, అంటే చేత్తో పట్టుకోకుండానే ముక్కును అలాగే నిలిపే అమరికను, కొద్దికొద్దిగా తిప్పుతూ, స్ప్రింగ్ లాగినంత మేర చేతిని వదులుతూ వస్తాం. ట్రిమ్ కుదిరేసరికి స్టిక్ మధ్యకు చేరుకుంటుంది. అక్కణ్నుంచి రన్‌వే దగ్గరికి చేరేదాకా సవరింపులన్నీ ఆ మధ్యబిందువు చుట్టూ, వేళ్ల కొసలతో చేసే చిన్న కదలికలే. సరిగ్గా అక్కడే స్టిక్ లొడలొడలాడితే ఇరవై బటన్లున్నా దండగే.

ఇక పెట్టె మీద అచ్చేసే సెన్సర్ అంకెలు. 40 డిగ్రీల కదలికను 1,024 భాగాలు చేస్తే ఒక్కో భాగం 0.04 డిగ్రీ. అంతకన్నా సన్నటి తేడా ఏ చేతికి తెలుస్తుంది? చూడాల్సింది సెన్సర్ రకం. చవక స్టిక్‌లలో ఉండే పొటెన్షియోమీటర్‌లో ఒక ముక్క పట్టీ మీద రాసుకుంటూ తిరుగుతుంది. స్టిక్ ఎక్కువసేపు ఉండేది మధ్యలోనే కాబట్టి అరుగుదలా అక్కడే ఎక్కువ. అరిగాక ముట్టుకోకపోయినా విమానం వణుకుతుంది. అప్పుడు చాలామంది డెడ్‌జోన్, అంటే స్టిక్ కదిలినా లెక్కలోకి రాని మధ్య భాగం, పెంచుకోమంటారు. అంటే ల్యాండింగ్‌కి కావలసిన ఆ కాస్త భాగాన్నీ చేతులారా చంపుకోమని! హాల్ సెన్సర్‌లో అయస్కాంతమే తప్ప రాపిడి లేదు, కాబట్టి అరుగుదలా లేదు. థ్రస్ట్‌మాస్టర్ టీ.16000ఎం ధర వార్థాగ్‌కన్నా ఎంతో తక్కువ. అయినా ముందువెనకలకూ పక్కలకూ అందులో హాల్ సెన్సర్లే ఉన్నాయి, పిడి మెలితిప్పితే రడ్డరూ తిరుగుతుంది. ఎడమచేతికీ అమర్చుకోవచ్చు. ఎయిర్‌బస్ ఏ320 కెప్టెన్ సీట్లో కూర్చునేవాళ్లకు కావలసింది అదే, ఎందుకంటే ఆ సీట్లో సైడ్‌స్టిక్ ఉండేది ఎడమచేతి వైపే.

డీసీఎస్ అనే యుద్ధవిమాన సిమ్యులేటర్‌లో ఏ-10సీ నడిపేవాళ్లకు ఆ బటన్లన్నీ పనికొస్తాయి, వాళ్లు కొనుక్కోవడం న్యాయమే. కానీ సెస్నాతో మొదలుపెట్టేవాడికి అదే సలహా ఇవ్వడం అన్యాయం.

ఏ స్టిక్ కొన్నా, వాపసు గడువు దాటకముందే విండోస్‌లో గేమ్ కంట్రోలర్ల కిటికీ తెరవండి. చదరంలో ఒక చిన్న ప్లస్ గుర్తు కనిపిస్తుంది. స్టిక్‌ని నాలుగు వైపులకూ కొంచెం కొంచెం వంచి మెల్లగా వదలండి. ఆ గుర్తు ప్రతిసారీ ఒకేచోట ఆగకపోతే, స్టిక్ ఎంత ఖరీదైనదైనా తిప్పి పంపేయండి.