దరువు మనది, పేరెవరిది?

మొన్న బోనాలప్పుడు మా నందిపేట్‌లో డప్పు కొట్టే తమ్ముడొకడు ఫోన్ చూపించాడు. సిటీ నుంచి వచ్చినవాళ్లు తీసిన ఫ్యూజన్ వీడియో. దరువు వాడిది, పేరు మాత్రం ఎక్కడా లేదు. "పోనీ అన్నా, మన సప్పుడు నలుగురు విన్నరు కదా" అన్నాడు.

నాకు ‘లయన్ కింగ్’లో టిమోన్, పుంబా ఎత్తుకునే సింహం పాట గుర్తొచ్చింది. దాని మూలం 1939లో సౌతాఫ్రికా గాయకుడు సోలమన్ లిండా రికార్డు చేసిన ‘ఎంబూబె’. అమెరికాలో దాన్ని మార్చి పాడి హిట్ కొట్టారు. లిండా 1962లో పేదగానే పోయాడు. ఆయన కూతుళ్లకు కోర్టుకెక్కాక, 2006లో గానీ సెటిల్‌మెంట్ కాలేదు.

అట్లని కలిసి పనిచేయడం తప్పా? కాదు. 1986లో పాల్ సైమన్ ‘గ్రేస్‌ల్యాండ్’ ఆల్బమ్‌లో ‘హోమ్‌లెస్’ పాటకు జోసెఫ్ షబలాలా పేరు కూడా రచయితగా పడింది. ఆయన బృందం లేడీస్మిత్ బ్లాక్ మాంబజో ఆ తర్వాత ప్రపంచమంతా తిరిగింది. మన పాలకొల్లు మాండొలిన్ శ్రీనివాస్ 1995లో కెనడా గిటారిస్టు మైఖేల్ బ్రూక్‌తో చేసిన ‘డ్రీమ్’ ఆల్బమ్ కూడా ఇద్దరి పేర్లతోనే వచ్చింది.

అందుకే తమ్ముడికి ఒక్కటే చెప్పిన: ముందు పేరు, పైసలు మాట్లాడుకో. కాగితం మీద రాయించుకో. ఆ తర్వాతే డప్పు కాగబెట్టు.