గోదావరి పొడవునా నడక

కాలువగట్ల మీద బడికి నడచి, సెలవునాటి సాయంకాలములందు కోతలైన పొలములలో చెడుగుడు కూతపెట్టి, మామిడితోపులలో కోతికొమ్మచ్చి యాడి పెరిగిన కోనసీమవారమగు మనకు వ్యాయామమను మాటతో పనియే లేకుండెను. పరదేశములందు పుట్టిన మన బిడ్డలకు బడికి బస్సు, అంగడికి కారు, ఆటకు తెర. ఇందు వారి దోషమేమియు లేదు; ఆ దినచర్యను ఏర్పఱచినవారము మనమే. 5 మొదలు 17 ఏండ్ల వయసువారు దినమునకు సగటున 60 నిమిషములైనను ఊపిరి వేగమగునంతటి శరీరశ్రమ చేయవలయునని ప్రపంచ ఆరోగ్యసంస్థ చెప్పుచుండగా, 11 ఏండ్లు నిండిన బాలబాలికలలో నూటికి 81 మంది అంతమాత్రమును చేయుట లేదని 2016 నాటి లెక్కలు తెలుపుచున్నవి. ఈ దురవస్థకు నేడు అమలాపురమును అతీతము కాదు.

తెరను తిట్టి ప్రయోజనము లేదు. 2016లో పోకెమాన్ గో అను ఆట వచ్చినప్పుడు, ఇంట కూర్చుండబెట్టిన ఫోనే పిల్లలను వీధులవెంట నడిపించుట కన్నులార చూచితిమి. మన అమలాపురపు బ్యాడ్మింటన్ ఆటగాడు సాత్విక్ సాయిరాజ్ కొట్టిన స్మాష్ గంటకు 565 కిలోమీటర్ల వేగము గలదని 2023లో గిన్నిస్‌వారు నమోదు చేసిరి. వేగమును పట్టియిచ్చినది యంత్రము, భుజమునకా బలమిచ్చినది ఏండ్ల సాధన.

కావున ఒక సూచన. గోదావరి పొడవు 1465 కిలోమీటర్లు. పిల్లవాని అడుగు అఱువది సెంటీమీటర్లనుకొన్న, త్ర్యంబకము నుండి సముద్రము వఱకు ఇరువదినాలుగు లక్షలకు పైబడిన అడుగులు. మన సంఘపు పిల్లలు నలువదిమంది దినమునకు ఆఱువేల అడుగుల చొప్పున నడచి, చేతిగడియారములు చూపిన లెక్కలన్నియు ఒక్కచోట కలిపిన, పదునొకండవ దినమునకు నది యంతయు నడచినవారగుదురు. ఎవరు మొదటివారు, ఎవరు కడపటివారు అను పట్టిక వలదని నా దృఢాభిప్రాయము. వెనుకబడిన పిల్లవాడు రెండవ వారమునకే గడియారమును సొరుగున పడవేయును. మొత్తము పాపికొండలు చేరిననాడు రాజమహేంద్రవరము నుండి అమ్మమ్మగారు వీడియోలో కనబడి, తాము చిన్ననాడు లాంచీలో పట్టిసీమ శివరాత్రి తీర్థమునకు పోయిన ముచ్చట చెప్పవచ్చును. ధవళేశ్వరము చేరిననాడు 1852లో పూర్తియైన కాటన్ దొర ఆనకట్ట చరిత్రను ఇంకొకరు చెప్పవచ్చును.

గడియారములోని యంత్రము శరీరపు ఊపును అడుగుగా ఎంచును గనుక, సోఫాలో కూర్చుండి చేయి ఆడించుచు వందల అడుగులు సంపాదించు గడుగ్గాయిలు ప్రతి యింటను ఉందురు. వారిని మందలింపనక్కఱలేదు, తల్లియో, తండ్రియో, వేసవికి వచ్చిన తాతగారో చెప్పులు తొడిగికొని వెంట బయలుదేరిన చాలును.

ధవళేశ్వరము దాటినపిదప నది చీలిపోవును. గౌతమి వెంట యానాము మీదుగా పోవుటయా, వసిష్ఠ వెంట అంతర్వేదికి పోవుటయా అనునది పిల్లలే కూర్చుండి నిర్ణయింతురు గాక.