ఇంట్లో విజ్ఞానం: అద్దంలాంటి నీళ్లు, ఆయాసపడే చేపలు



ఇంటికి కొత్తగా చేపల తొట్టి వచ్చిందంటే అదొక చిన్న పండుగే. అడుగున రంగురంగుల గులకరాళ్లు, మధ్య ఒక బొమ్మ కోట, పక్కన బుడబుడమని గాలిబుడగలు వదిలే గొట్టం. నీళ్లు నింపిన సాయంత్రమే అరడజను చేపలు అందులో పడతాయి. ఇంటిల్లిపాదీ చుట్టూ మూగి తలా ఒక చిటికెడు మేత వేస్తారు. నాలుగైదు రోజులు అంతా బాగానే ఉంటుంది. తరవాత నీళ్లు బియ్యం కడిగిన నీళ్లలాగా తెల్లబడతాయి. ఒక్కొక్కప్పుడు అదీ జరగదు, నీళ్లు అద్దంలాగే ఉంటాయి. కాని చేపలు మాత్రం పైకి వచ్చి నోళ్లు తెరిచి ఆయాసపడటం మొదలుపెడతాయి. ఒకనాటి ఉదయం చూసేసరికి ఒక చేప వెల్లకిలా తేలుతూ ఉంటుంది.

అప్పుడు పెద్దవాళ్లు ఏం చేస్తారు? నీళ్లన్నీ పారబోసి, తొట్టినీ రాళ్లనూ సబ్బుపెట్టి తోమి, మళ్లీ కుళాయినీళ్లు నింపి, మిగిలిన చేపలను అందులో వదులుతారు. వారం తిరక్కుండా మళ్లీ అదే కథ. చివరకు, "మన ఇంటికి చేపలు అచ్చిరావు," అని తొట్టిని అటక ఎక్కిస్తారు.

చేపలు అచ్చిరావటం, రాకపోవటం అంటూ ఏమీ లేదు. కొత్త తొట్టిలో చేపలు చావటానికి చక్కని కారణం ఉన్నది. ఆ కారణం తెలిస్తే చేపలను బతికించుకోవటం కష్టం కాదు.

చేప మనవంటిది కాదు. అది తినే చోటు, ఊపిరి పీల్చే చోటు, మలినం వదిలే చోటు అన్నీ ఒకటే. దాని ఒంట్లో పుట్టే నత్రజని మలినం ఎక్కువ భాగం అమ్మోనియాగా మారి, మొప్పల గుండా ఎప్పటికప్పుడు నీటిలో కలుస్తుంది. తినగా మిగిలిన మేత కుళ్లినా పుట్టేది అమ్మోనియాయే. దీనికి రంగు లేదు. తొట్టిలో ఉండే కొద్దిపాటి అమ్మోనియాను మన ముక్కు కూడా పసికట్టలేదు. కాని ఆ కొద్దిపాటే చేప మొప్పలను దెబ్బతీస్తుంది. తేటగా ఉన్న నీళ్లన్నీ మంచినీళ్లు కావని దీనివల్ల తెలుస్తున్నది గదా!

మరి చెరువులో వేలకొద్దీ చేపలు ఎలా బతుకుతున్నవి? అక్కడ నీరు చాలా ఎక్కువ. అదిగాక, చెరువులో కంటికి కనిపించని పనివాళ్లు ఉన్నారు. వాళ్లే సూక్ష్మజీవులు. ఒక తెగ సూక్ష్మజీవులు అమ్మోనియాను నైట్రైట్‌గా మారుస్తవి. రెండో తెగ ఆ నైట్రైట్‌ను నైట్రేట్‌గా మారుస్తవి. అమ్మోనియా విషం. నైట్రైట్ కూడా విషమే. అది చేప నెత్తురులో చేరి, ఎర్రని నెత్తురును గోధుమరంగుకు తిప్పుతుంది. అటువంటి నెత్తురు ప్రాణవాయువును మోయలేదు. అందుచేత నీటిలో ప్రాణవాయువు కావలసినంత ఉన్నా చేపకు ఊపిరి ఆడదు. నైట్రేట్ మాత్రం చాలా సాధువు. మొక్కలకు అది ఎరువు. మరీ పేరుకుపోతే తప్ప చేపకు హాని చెయ్యదు.

ఈ సూక్ష్మజీవులను విడదీసి పెంచి, వాటి బతుకు తీరును లోకానికి చూపినవాడు సెర్గేయ్ వినోగ్రాడ్‌స్కీ అనే రష్యా శాస్త్రజ్ఞుడు. 1890 ప్రాంతంలో ఆయన స్విట్జర్లాండులోని జ్యూరిచ్ నగరంలో ఈ పని చేశాడు. మనం అన్నం తిని బతికినట్టు, ఇవి అమ్మోనియా నుంచి, నైట్రైట్ నుంచి శక్తి తీసుకుని బతుకుతవి. ఈ రెండు పనులనూ ఒక్కటే చేయగల సూక్ష్మజీవులు కూడా ఉన్నట్టు 2015లో బయటపడింది.

ఈ పనివాళ్లను గురించి మనం మూడు సంగతులు గుర్తుంచుకోవాలి. మొదటిది: వీళ్లు ఎక్కువగా నీటిలో తేలుతూ ఉండరు. రాళ్లకూ, గాజుకూ, మొక్కల ఆకులకూ, నీళ్లు వడకట్టే స్పాంజికీ అంటిపెట్టుకుని కాపురముంటారు. రెండవది: వీళ్లకు ప్రాణవాయువు కావాలి. మూడవది: వీళ్ల సంతతి చాలా నిదానంగా పెరుగుతుంది. పాలను పెరుగు చేసే సూక్ష్మజీవులు రాత్రికి రాత్రే కోట్లుగా పెరుగుతవి. కాని మన తొట్టి పనివాళ్లలో ఒకటి రెండు కావటానికే ఒక రోజో, అంతకంటె ఎక్కువో పడుతుంది. అందుకే కొత్త తొట్టిలో చాలినంతమంది పనివాళ్లు చేరటానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది.

ఇప్పుడు వెనక చెప్పిన కథను మరొకసారి చూడండి. మొదటి రోజునే అరడజను చేపలు వచ్చాయి, పనివాళ్లు ఇంకా రాలేదు. మొదటి వారంలో అమ్మోనియా పెరిగింది. అది తగ్గే వేళకు నైట్రైట్ పెరిగింది. ఈలోగా పెద్దవాళ్లు సబ్బుతోనూ, క్లోరీను కలిసిన కుళాయినీళ్లతోనూ కడిగేసరికి, అప్పుడప్పుడే కాపురం పెడుతున్న పనివాళ్లంతా నశించారు. కథ మొదటికి వచ్చింది!

తొట్టిలో చేపలను పెంచటమంటే నీటి లెక్కను సరిచూడటమే నని చాలాకాలం కిందటే కనిపెట్టినవాడు రాబర్ట్ వారింగ్టన్ అనే ఇంగ్లీషు రసాయన శాస్త్రజ్ఞుడు. ఆయన లండన్‌లో ఒక గాజుపాత్రలో బంగారు చేపలనూ, రిబ్బనుల్లాంటి ఆకులుండే వాలిస్నేరియా అనే నీటిమొక్కనూ పెంచాడు. మొక్క చేపలకు ప్రాణవాయువు ఇస్తుంది, చేపలు వదిలే బొగ్గుపులుసు వాయువును మొక్క తీసుకుంటుంది. లెక్క సరిపోయింది గదా? కాని ముసలి ఆకులు కుళ్లి నీళ్లు చెడిపోసాగాయి. అప్పుడాయన ఆ కుళ్లును తినే నత్తలను కూడా వేశాడు. నీళ్లు బాగుపడ్డాయి. ఈ సంగతి ఆయన 1850లో ప్రకటించాడు. తొట్టిలో ఏ ఒక్కటి కుళ్లినా అందులో ఉన్న ప్రాణులన్నిటికీ చేటే నని ఆనాడే తెలిసిందన్నమాట.

సరే, మనం చేయవలసినదేమిటి?

ముందుగా నీళ్లు. మునిసిపాలిటీవారు నీళ్లలో క్లోరీను కలుపుతారు. అది మనకు మేలు, చేపలకు కీడు, మన పనివాళ్లకూ కీడే. కుళాయినీళ్లను వెడల్పాటి బకెట్టులో పట్టి, మూత వేయకుండా ఒక రోజంతా ఉంచితే క్లోరీను చాలావరకు పోతుంది. కాని క్లోరీనుకు బదులు క్లోరమైన్ కలిపితే అది ఇలా పోదు. చేపల దుకాణాలలో క్లోరీనుకు విరుగుడు చుక్కలు అమ్ముతారు. చాలా రకాలలో ఉండేది సోడియం థయోసల్ఫేట్. ఫోటోలు కడిగేవాళ్లు "హైపో" అనేది దీన్నే. క్లోరమైన్‌కు కూడా పనిచేసే చుక్కలేవో సీసామీద చదివి తీసుకోండి.

బోరునీళ్లలో మామూలుగా క్లోరీను ఉండదు. కాని చాలాచోట్ల అవి గడుసునీళ్లు, క్షారగుణం ఎక్కువ. అందులో ఒక చిక్కున్నది. నీటిలో అమ్మోనియా రెండు రూపాల్లో ఉంటుంది, అందులో ఒకటే పెద్ద విషం. 25 డిగ్రీల వేడిగల నీటిలో పి.హెచ్. 7 అయితే, వెయ్యి పాళ్లలో సుమారు 6 పాళ్లే విషరూపంలో ఉంటాయి. పి.హెచ్. 8 అయితే 50 పాళ్లకు పైనే! అందుచేత బోరునీళ్ల తొట్టిలో మరింత జాగ్రత్త అవసరం. తాగటానికి శుద్ధిచేసిన ఆర్.ఓ. నీళ్లు మంచివనుకోకండి. వాటిలో చేపలకు కావలసిన లవణాలు బాగా తగ్గిపోయి ఉంటాయి.

రెండవది తోడు. పాలు పెరుగు కావాలంటే అమ్మ ఏం చేస్తుంది? నిన్నటి పెరుగు ఒక చెంచాడు వేస్తుంది. కొత్త తొట్టికి కూడా అలాగే తోడు పెట్టవచ్చు. నెలల తరబడి చేపలు ఆరోగ్యంగా ఉన్న తొట్టి మీ స్నేహితుల ఇంట్లో ఉంటే, అక్కడి గులకరాళ్లు గుప్పెడు గాని, పాత స్పాంజి ముక్క గాని అడిగి తెచ్చుకోండి. దారిలో ఆరిపోకుండా అదే తొట్టి నీళ్లలో ఉంచి తేవాలి. జబ్బు చేపలున్న తొట్టి తోడు మాత్రం వద్దు.

మూడవది ఓపిక. అన్నిటికంటె మంచి పద్ధతి చేపలు లేకుండానే తొట్టి మొదలుపెట్టటం. నీళ్లు నింపి, గాలిగొట్టం నడుపుతూ, రోజూ ఒక చిటికెడు మేత మాత్రం వేయండి. అది కుళ్లి అమ్మోనియా పుడుతుంది, పనివాళ్లకు తిండి దొరుకుతుంది. అమ్మోనియా, నైట్రైట్ ఎంతున్నాయో రంగును బట్టి చెప్పే పరీక్షచుక్కలు దుకాణంలో దొరుకుతాయి. ఆ రెండూ ముందు పెరిగి, తరవాత సున్నాకు దిగిన నాడు తొట్టి సిద్ధమైనట్టు. అప్పుడు కొన్ని నీళ్లు మార్చి, రెండు మూడు చిన్న గప్పీ చేపలతో మొదలుపెట్టండి. మరో రెండు వారాలకు ఇంకో రెండు.

ఇప్పటికే చేపలు వేసి అవస్థపడుతున్నవారు కంగారుపడనక్కరలేదు. మేత ఒకటి రెండు రోజులు ఆపండి. ఎదిగిన చేపలకు దానివల్ల ఏమీ కాదు. తరవాత కూడా రోజుకు ఒకసారి, రెండు నిమిషాలలో తినగలిగినంతే వేయండి. గాలిగొట్టాన్ని రాత్రి కూడా ఆపకండి. రాత్రివేళ మొక్కలు ప్రాణవాయువును ఇవ్వవు సరిగదా, అవే పీల్చుకుంటవి. రోజూ నాలుగోవంతు నీళ్లు తీసి, క్లోరీను పోయిన నీళ్లు అంతే వేడిలో పోయండి. లెక్క చూడండి: నీటిలో 4 పాళ్ల అమ్మోనియా ఉంటే, నాలుగోవంతు మారిస్తే 3 పాళ్లు మిగులుతుంది. సగం మారిస్తే 2 పాళ్లే. చేపలు బాగా ఆయాసపడుతుంటే సగం మార్చవచ్చు. స్పాంజిని కుళాయికింద కడగకండి. తొట్టి నుంచి తీసిన నీళ్లలోనే ఒకసారి పిండితే చాలు. సబ్బు పేరెత్తకండి.

నీళ్లు తెల్లబడితే భయం వద్దు. అవి కుళ్లును తినే వేరే సూక్ష్మజీవులు. మేత తగ్గిస్తే కొద్దిరోజులలో తేటపడుతుంది. నీళ్లు పచ్చబడితే ఎండ ఎక్కువై నాచు పెరిగిందన్నమాట. తొట్టిని కిటికీ దగ్గర నుంచి జరపండి.

ఇదంతా పిల్లల ఆట అనుకోకండి. భీమవరం వైపు రొయ్యల చెరువులను చూసినవారికి తెలుసు: నీటిని చిలికే చక్రాలు రాత్రింబవళ్లు తిరుగుతుంటాయి, రైతులు నీటిలో అమ్మోనియా ఎంతున్నదో పరీక్ష చేయించుకుంటారు. మీ గాజుతొట్టిలో ఉన్న లెక్కే ఆ ఎకరాల చెరువులోనూ ఉన్నది.

పెద్దవారికి ఒక మాట. తొట్టి కొన్న రోజునే చేపలు కూడా కొనిపెట్టమని పిల్లలు మారాం చేస్తారు. ఆ ఒక్కదానికి ఒప్పుకోకండి. ఖాళీ తొట్టి ముందు నెల రోజులు ఎదురుచూడటం పిల్లలకు కష్టమే. కాని చేతిలో ఒక నోటుపుస్తకం, పరీక్షచుక్కలు ఉంటే అది ఎదురుచూడటంలాగా ఉండదు.

ఈ నెల పని: మీ తొట్టిలో నీరు ఎంత పడుతుందో లెక్క కట్టండి. పొడవు, వెడల్పు, నీటి ఎత్తు సెంటీమీటర్లలో కొలిచి, మూడింటినీ గుణించి, 1000తో భాగిస్తే లీటర్లు వస్తాయి. 60 సెంటీమీటర్ల పొడవు, 30 వెడల్పు ఉన్న తొట్టిలో నీరు 25 ఎత్తున ఉంటే ఎన్ని లీటర్లు? జవాబు 45. ఇక మీ తొట్టికి కొలవండి. మార్చవలసిన నాలుగోవంతు ఎన్ని బకెట్లో నోటుపుస్తకం మొదటి పేజీలో రాసుకోండి. రెండో పేజీ నుంచి తేదీ, అమ్మోనియా, నైట్రైట్, నీటి రంగు: నాలుగు గడులు గీయండి. రెండు గడులలో సున్నాలు పడిన రోజున చేపలను పిలవండి.