నేలకు తగిన లెక్క

ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు అని మన పెద్దలు చెప్పిన మాట కట్టించువాని కష్టములను గూర్చినది. కట్టిన ఇంటిలో కాపురముండువాని క్షేమమును గూర్చి నేడు మరియొక మాట చెప్పవలసియున్నది. పూర్వము ఇంటికి మేస్త్రి అనుభవమే శాస్త్రముగ నుండెను. ఇప్పుడు అయిదంతస్తుల ఆసుపత్రికైనను, పదియంతస్తుల నివాసగృహమునకైనను ఆధారము కంప్యూటరులోని లెక్క. యింజనీరు స్తంభములను, దూలములను, పలకలను తెరపై నిలుపును, బరువులను చెప్పును, సాఫ్టువేరు నిమిషములలో ఎచ్చట ఎంత ఇనుము వేయవలెనో తేల్చును. ఈ సౌకర్యమును మేము నిందింపము. కాని ఆ లెక్క ఏ దేశపు ప్రమాణమునుబట్టి, ఏ యూరి గాలినిబట్టి, ఏ నేల కంపమునుబట్టి సాగినది? ఈ ప్రశ్నను ఇల్లు కొనువారు అడుగుట లేదు. అడుగవలెనని చెప్పుటకే నేడీ విషయమును పాఠకమహాశయుల యెదుట పెట్టుచున్నాము.

మన యింజనీర్లు విరివిగా వాడు ఎటాబ్స్ అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రమున వెలువడినది. స్టాడ్ ప్రో సయితము అమెరికను సంస్థ చేతిలోనిదే. టెక్లా స్ట్రక్చర్స్ ఫిన్లాండు దేశమున పుట్టినది. ఇవి పరదేశపు పనిముట్లని మేము ఆక్షేపించుట లేదు. వాని కర్తలు పలుదేశముల ప్రమాణములను అందు పొందుపరచిరి. మన భారతీయ ప్రమాణములును అందు కలవు. అయితే ఉండుట వేరు, ఎన్నుకొనుట వేరు. ఏమియు మార్చక ముందునకు సాగినచో, కర్త ముందుగా నిలిపిన విలువలే లెక్కను నడపును. ఆ విలువలు ఆతని దేశమునకు తగియుండవచ్చును. కృష్ణాతీరమునకు తగియుండవలెనన్న నియమ మేమున్నది?

మేము న్యాయస్థానములలో తిరుగువారము గనుక మాకు తోచిన పోలిక చెప్పుదుము. దావా ఒక దేశపు చట్టము క్రింద వేసి, తీర్పు మరియొక దేశపు చట్టము క్రింద కోరినవాని వాదమును ఏ న్యాయాధిపతియు ఆలకింపడు. కట్టడపు ప్రమాణమును అట్టిదే. మన ఐ.ఎస్. 456 ప్రకారము సామాన్యపు లెక్కలో కట్టడపు సొంత బరువును, వాడుకబరువును ఒకటిన్నర రెట్లుగా పెంచుదురు. కాంక్రీటు బలమును 1.5 చేతను, ఇనుము బలమును 1.15 చేతను భాగింతురు. అమెరికా ప్రమాణము సొంత బరువును 1.2 రెట్లు, వాడుకబరువును 1.6 రెట్లు చేసి, బలమును మరియొక విధమున తగ్గించును. రెండును సమగ్రములే. కాని బరువులు ఒకదానినుండియు, బలములు వేరొకదానినుండియు తీసికొన్నచో ఆ లెక్క ఏ శాస్త్రమునకును చెందదు; ఏ ప్రమాణమును దానికి పూచీపడదు.

ఇంతకంటె సూక్ష్మమైన ప్రమాద మొకటి కలదు. మనము ఎం 25 అను కాంక్రీటులోని 25 అనగా, 150 మిల్లీమీటర్ల ఘనాకారపు దిమ్మెను ఇరువదియెనిమిది దినముల పిమ్మట నొక్కి చూడగా తేలు బలము, చదరపు మిల్లీమీటరుకు న్యూటనులలో. అమెరికావారు స్తూపాకారపు దిమ్మెను నొక్కి చూతురు. ఒకే కాంక్రీటు స్తూపాకారమున పోసినపుడు ఘనాకారముకంటె తక్కువ బలము చూపును; సుమారు అయిదింట నాలుగు వంతులు. కావున అమెరికా ప్రమాణము నిలిచియున్న సాఫ్టువేరులో మన 25ను యథాతథముగా వ్రాసినవాడు, 20 బలముగల కాంక్రీటును 25 అని నమ్మించినవాడగును. అంకె తప్పు కాదు. అంకె అర్థము మారినది. యూరపువారు ఈ చిక్కు తప్పించుటకే రెండు బలములను ప్రక్కప్రక్కన వ్రాయుదురు. బరువునందును ఇట్లే. ఇనుము వేసిన కాంక్రీటును మనము ఘనపుమీటరుకు 25 కిలోన్యూటనులుగా లెక్కింతుము. అమెరికా లెక్క సుమారు 23.6. తేడా స్వల్పమే, కాని అంతస్తు అంతస్తునకు కూడుచు పునాదిమీద పడును.

ఇక గాలి మాట. సముద్రతీరవాసులకు దీనిని మేము వివరింప నక్కరలేదు. 1977 నవంబరు 19వ తేది దివిసీమను ముంచిన ఉప్పెనను, 2014 అక్టోబరు 12వ తేది విశాఖపట్టణమును విరుచుకొనిపడిన హుద్‌హుద్ తుపానును మన జను లెట్లు మరువగలరు? ఐ.ఎస్. 875 మూడవ భాగము, 2015 నాటి కూర్పు, ఒక్కొక్క యూరికి మూలవేగము నిర్ణయించినది. బెంగుళూరునకు సెకనుకు 33 మీటర్లు, హైదరాబాదునకు 44, విజయవాడకును విశాఖకును 50. వేగములోని తేడా చూచి మోసపోరాదు. ఒత్తిడి వేగపు వర్గముననుసరించి పెరుగును. మిగిలిన గుణకములను ఒకటిగా నుంచి చూచినచో చదరపు మీటరుకు బెంగుళూరున సుమారు 653 న్యూటనులు, హైదరాబాదున 1162, విశాఖలో 1500. అంతటితో ముగియలేదు. సముద్రతీరమునుండి 60 కిలోమీటర్లలోపల తుపాను పిమ్మట తప్పక పనిచేయవలసిన ఆసుపత్రి, ఆశ్రయభవనము మొదలగువానికి వేగమును 1.30 చేత గుణింపవలెనని ఆ ప్రమాణమే శాసించుచున్నది. అపుడు 50 కాస్త 65 అగును. ఒత్తిడి 2535 అగును. బెంగుళూరున తయారుచేసిన పాత నమూనాను తెరచి, ఊరిపేరు మాత్రము మార్చి, విశాఖ ఆసుపత్రికి వాడినచో నాలుగింట ఒక వంతు గాలికే ఆ భవనము సిద్ధమైనదగును. ఈ తప్పునకు విదేశీయుడు కారకుడు కాడు. నమూనా మనది, ప్రమాణము మనది, అజాగ్రత్తయు మనదే!

భూకంపము విషయమును చూడుడు. ఐ.ఎస్. 1893, 2016 నాటి కూర్పున, హైదరాబాదును విశాఖయు రెండవ మండలమునను, విజయవాడ, ఒంగోలు, నెల్లూరు మూడవ మండలమునను కలవు. రెండవదానికి గుణకము 0.10, మూడవదానికి 0.16. హైదరాబాదు నమూనాను విజయవాడకు తెచ్చినవాడు భూకంపబలములో పదునారింట ఆరువంతులు విడిచినవాడగును. మన నేల కదలదని ధీమా పడువారికి 1967 నాటి ఒంగోలు, 1969 నాటి భద్రాచలము, 2024 డిసెంబరు నాటి ములుగు భూకంపములే సమాధానము. 2001 జనవరి 26వ తేది భుజ్ ప్రాంతమున కంపము పుట్టగా, రెండువందల కిలోమీటర్లకు పైబడిన దూరమున నున్న అహమ్మదాబాదులో సయితము బహుళాంతస్తుల మేడలు కూలినవి.

"సాఫ్టువేరులో భారతీయ ప్రమాణము పేరు ఎన్నుకొంటిమి, ఇక భయమేల?" అని కొందరందురు. పేరు ఎన్నుకొనుట తలుపు తీయుట మాత్రమే. ఆ పట్టికలో 2002 నాటి కూర్పును, 2016 నాటి కూర్పును ప్రక్కప్రక్కన నుండవచ్చును. రెండువందలమందికి పైగా వసించు గృహమునకు 2016 కూర్పు 1.2 ప్రాముఖ్యగుణకము విధించినది. పాత కూర్పున అది ఒకటి మాత్రమే. కాంక్రీటు పగుళ్లువారి మెత్తబడునను వాస్తవమును పాటించి, దూలముల బిరుసుదనమును నూటికి 35గాను, స్తంభములదానిని 70గాను లెక్కింపుమని కొత్త కూర్పు చెప్పుచున్నది. దీనిని యింజనీరు స్వయముగ నమర్పనిచో సాఫ్టువేరు పూర్తి బిరుసుదనముతోనే లెక్కించి, భవనము ఊగవలసినంత ఊగదని పలుకును.

అన్నిటికంటె ముఖ్యమైనది మరియొకటి. చట్రము సామాన్యమైనదైన 3, విశేషముగ సాగుడుగుణము గలదైన 5 అని ఒక గుణకము కలదు. 5 వ్రాసిన భూకంపబలము అయిదింట మూడువంతులకు తగ్గును. ఇనుము ఖర్చును తగ్గును. కాని ఆ 5 ఉచితముగ రాలేదు. ఐ.ఎస్. 13920 చెప్పినట్లు స్తంభముల చివరలందు చుట్టుకడ్డీలు దగ్గరదగ్గరగా వేసి, వాని కొనలను 135 డిగ్రీలు లోపలికి వంచవలెను. కార్యాలయమున 5 వ్రాసి, పనిస్థలమున కొనలను 90 డిగ్రీలకే వంచి విడిచినచో, అది ప్రతిఫలము పుచ్చుకొని వాగ్దానము తప్పిన ఒప్పందమువంటిది. ఇట్టి ఒప్పందము భంగమైనపుడు నష్టపరిహారము చెల్లించునది స్తంభము క్రింద నిదురించు కుటుంబము.

పటములు గీయు సాఫ్టువేరున కూడ ఇదే న్యాయము. మన అంగడిలో దొరకు కడ్డీలు 8, 10, 12, 16, 20, 25, 32 మిల్లీమీటర్లవి. అమెరికావారి కడ్డీల సంఖ్యలు అంగుళపు ఎనిమిదవవంతులలో నడచును. మన ఉక్కుదూలముల కొలతలు ఐ.ఎస్. 808లో నున్నవి, యూరపు దూలములు వేరు. ప్రాంతపు పట్టికను అమర్చక గీసిన పటమున దొరకని కడ్డీ పేరు పడును. అపుడు మేస్త్రి చేతికందినది వేయును. లెక్క ఒకటి, కట్టడము మరియొకటి అగును.

కావున మేము కోరునది నాలుగు మాటలలో చెప్పవచ్చును. మొదటిది, అనుమతికై వచ్చు ప్రతి పెద్ద కట్టడపు లెక్కతోను ఒక పుట జతపరుపబడవలెను: ఏ ప్రమాణము, ఏ సంవత్సరపు కూర్పు, ఏ గాలివేగము, ఏ మండలము, ఏ గుణకములు, కాంక్రీటు బలము ఏ దిమ్మెనుబట్టి అను సంగతులు దానిపై తెలుగున వ్రాసి యింజనీరు చేవ్రాలు చేయవలెను. రెండవది, జిల్లాకొక పరీక్షింపబడిన నమూనా దస్త్రమును యింజనీర్ల సంఘములు సిద్ధపరచి, ప్రమాణము మారినపుడెల్ల దానిని మార్చి, మార్చిన తేదీని దానిపై వేయవలెను. మూడవది, సాఫ్టువేరు చెప్పిన మొత్తము బరువును, గాలి ఒత్తిడిని, పునాదివద్ద భూకంపబలమును చేతిలెక్కతో ఒకసారి సరిచూడకుండ ఏ పటమును బయటికి పోరాదు. ఈ మూడు లెక్కలకు ఒక పూట చాలును. నాలుగవది, కళాశాలలు విద్యార్థికి మీట నొక్కుట నేర్పుటకు ముందు, ఆ మీట వెనుకనున్న ప్రమాణమును చదివింపవలెను.

మన మానకసంస్థ 1947లో భారత ప్రమాణముల సంస్థగా వెలసి, 1987లో నేటి రూపము దాల్చినది. మన గాలిని, మన నేలను, మన దిమ్మెలను పరీక్షించి పండితులు వ్రాసిన గ్రంథములు అందున్నవి. వానిని అలమారులో నుంచి, పరాయి విలువలతో మేడలు లేపుట మనకు గౌరవము కాదు. విశేషించి అది క్షేమము కాదు.

గ్రంథాలయమున ఈ పత్రిక చదువు పురజనులకు మా మనవి ఇది. ఇల్లు కొనబోవునపుడు చలువరాళ్ల రంగు నడుగుదురు, తలుపుల కొయ్య నడుగుదురు. ఇకమీదట "ఈ భవనము ఏ గాలికి, ఏ కంపమునకు లెక్కింపబడినది?" అనియు అడుగుడు. సమాధానము చెప్పలేనివాడు మీవద్ద సొమ్ము పుచ్చుకొనుటకు అర్హుడు కాడు. తుపాను రాత్రి తలదాచుకొనుటకు ఊరంతయు ఆసుపత్రి మెట్లెక్కినపుడు, దానిని నిలబెట్టునది తెరమీద ఒకనాడు ఒకడు సరిగా వ్రాసిన అంకెయే.